ఎంగిలి పడిన పొడపత్రి

తిరుపతి మొత్తం మీద ఆర్‌ఎన్‌ఏను వట్టి కళ్లతో చూడగలిగిన మనిషి ఒక్కతే ఉంది. పేరు దేవకమ్మ. చదువు మూడో తరగతి, అదీ నగరిలో, అదీ సగం. కోటి రూపాయల మిషన్లకు చిక్కనిది ఆమె కంటికి ఎలా చిక్కుతుందని మీరు అడగొచ్చు. అడగండి. నేను డిగ్రీ రెండో ఏడాదిలో వదిలేసినవాణ్నే, కానీ కాలేజీ గేటు ముందు జిరాక్సు, బైండింగు కొట్టు పెట్టి పదకొండేళ్లయింది. నలభై మూడు పీహెచ్‌డీలు నా చేతి మీదుగా పోయాయి. ఒక్కటే పీహెచ్‌డీ ఉన్న ప్రొఫెసర్లు నాతో వాదనకు దిగరు.

దేవకమ్మ ఆ కాలేజీలో వృక్షశాస్త్రం ల్యాబుకు అటెండరు. గాజు సామాను కడగడం, నేల తుడవడం, తాళాలు వేయడం ఆమె పని. ఇరవై రెండేళ్లలో ఆమె చేతిలో ఒక్క బీకరు పగల్లేదు. పగిలినవన్నీ బాగా చదువుకున్నవాళ్లు పగలగొట్టినవే.

ఆ ల్యాబులో రూపశ్రీ అని సత్యవేడు అమ్మాయి పొడపత్రి మీద పరిశోధన చేస్తోంది. పొడపత్రి కంచెల మీద పాకే తీగ. షుగరు ఉన్నవాళ్లు దాని కోసం ఎగబడతారు. ఆ ఆకు నమిలి చక్కెర నోట్లో వేసుకుంటే ఇసుక నమిలినట్టే. అరగంటో గంటో నాలుకకు తీపి తెలియదు. తీపిని చంపే ఆ సరుకు ఆకులో ఒక్కోసారి ఎక్కువ, ఒక్కోసారి తక్కువ ఎందుకు తయారవుతుందన్నది రూపశ్రీ ప్రశ్న.

ఆమె నాకు గంటన్నర చెప్పింది, నేను మీకు నాలుగు ముక్కల్లో చెబుతాను. తేడా గమనించండి. మొక్క లోపల వంటల పుస్తకం ఒకటుంటుంది. అది గది దాటి రాదు. అందులోంచి చీటీలు రాసి వంటవాళ్లకు పంపుతారు. ఆ చీటీలు ఆర్‌ఎన్‌ఏలు. దారిలో కొందరు పొట్టివాళ్లు కాపు కాసి, ఈ వంటకం ఇవాళ్టికి చాలు అనుకున్న చీటీని చించేస్తారు. వాళ్లే చిన్న ఆర్‌ఎన్‌ఏలు. ఒక్కొక్కరి పొడవు ఇరవై ఒకటో ఇరవై రెండో అక్షరాలు. మా ఇంటిపేరు, నా పేరు కలిపి రాస్తే ఇంచుమించు అంతే, కానీ నా మాట ఎవరూ వినరు. పొడపత్రిలో ఏ పొట్టివాడు ఏ చీటీ చించుతున్నాడో రూపశ్రీ కనిపెట్టాలి.

అందుకు ముందు అవి చెడకుండా ఉండాలి. చెమట చెయ్యి తగిలినా, నోటి తుంపర పడినా, గడ్డకట్టించిన ఆకు కాస్త కరిగినా ఆర్‌ఎన్‌ఏ తునాతునకలైపోతుంది. అందుకే మొగ్గకు ముందు ఆకు, పూతనాటి ఆకు, కాయనాటి ఆకు వేరువేరుగా కోసి, రేకు పొట్లాలు కట్టి, మైనస్ ఎనభై డిగ్రీల ఫ్రీజరులో దాచింది. మూడుసార్లు ఆ ఆకుల నుంచి ఆర్‌ఎన్‌ఏ తీసి పరీక్షకు హైదరాబాదు పంపింది. మూడుసార్లూ పనికిరాదని తిరిగొచ్చింది. పదికి రెండున్నర మార్కులు. కెమిస్ట్రీలో నాకూ ఆ లెక్కనే వచ్చేవి, నన్నూ అలాగే తిప్పి పంపారు.

ఇక విప్పకుండా మిగిలింది రకానికి ఒక్క పొట్లమే. ఫెలోషిప్పు జూన్‌తో ఆఖరు. తీగ మళ్లీ పూతకొచ్చేదాకా ఆగే వీల్లేదు. ఈసారీ పోతే అయిదేళ్ల చదువు గంగలో కలిపి ఇంటికి పోవడమే.

ఒక మధ్యాహ్నం సింకు దగ్గర నిలబడి ఏడుస్తుంటే దేవకమ్మ చూసి సంగతేమని అడిగింది. రూపశ్రీ ఎంజైములతో మొదలుపెట్టి అంతా విడమరిచి చెప్పింది. దేవకమ్మ గరాటాలు కడుగుతూ మొత్తం విని, కుళాయి కట్టేసింది.

“ఎంగిలి పనికిరాదంటావు. అంతేగదా పాపా? ఈ మాట ముందే చెప్పుంటే పొయ్యేదిగదా.”

మర్నాటి నుంచి ఆ ల్యాబు మడి గది. గడప దగ్గర ముగ్గుపిండితో గీత. గీత దాటాలంటే చెప్పులు బయట, చేతికి తొడుగు, నోటికి గుడ్డ. తనిఖీకి వచ్చిన పెద్దాయన వక్కపొడి నములుతుంటే పుక్కిలించి రమ్మని చెంబు అందించిందట. ఆయన పుక్కిలించాడు కూడా. నేను గీత దగ్గర ఒక్క తుమ్ము తుమ్మినందుకు రెండు వారాలు మెట్ల కింద నిలబడ్డాను. నా మాటల్లో తుంపర ఎక్కువట. మాటకారి అంటే లోకానికి ఈర్ష్య.

ఈ మడి అక్కర్లేని మనిషి ఒక్కరే. రూపశ్రీ గైడు, ప్రొఫెసర్ జయరామయ్య. ఫ్రీజరు మీద ‘తాకరాదు’ అని రాసి అంటించినవాడే ఆయన. ఫ్రీజరు ఆయన గదికి ఆనుకునే ఉంటుంది. ఆయనకూ పన్నెండేళ్లుగా షుగరు. అయినా ఎవరైనా పొడపత్రి నములుతూ కనబడితే, పరిశోధన తేలకుండా ఆకులు మేయడానికి మీరేమన్నా మేకలా అని క్లాసు పీకేవాడు.

మే నెల, గంగమ్మ జాతర. ఆ మంగళవారం దేవకమ్మ స్టీలు క్యారియరులో బెల్లం పొంగలి తెచ్చింది. అది ప్రసాదమని మీరనుకుంటారు. ఎర. ఆమె పన్నిన వల. భోజనాల వేళ ముగిసేదాకా క్యారియరు మూత తీయలేదు చూడండి. అప్పుడు గీతకు ఇవతల, వరండాలో అందరికీ దొన్నెల్లో పెట్టింది. అట్ట నమూనాలు చూపించడానికి పోయి నేనూ అక్కడే ఉన్నాను. జయరామయ్య తన గదిలోంచి మూతి తుడుచుకుంటూ వచ్చి, ప్రసాదం కళ్లకద్దుకుని నోట్లో వేసుకున్నాడు.

“దేవకమ్మా, బెల్లం ఎయ్యడం మర్సిపోయినావా ఏమి? ఇసక తిన్నెట్టుండాది.”

రూపశ్రీ చేతిలో దొన్నె ఆగిపోయింది. దేవకమ్మ తొందరపడలేదు. గొప్ప వకీలు సాక్షులను పిలిచినట్టు ముందు తాను రుచి చూసింది, తర్వాత నన్ను అడిగింది, తర్వాత రూపశ్రీని అడిగింది. ఇద్దరం తియ్యగానే ఉందన్నాం. అప్పుడు ఆయన వైపు తిరిగింది.

“అందురికీ తియ్యంగానే ఉండాదంట సార్. యేదీ, నాలిక సూపీండి.”

ముప్ఫయ్యేళ్లు పిల్లలను హడలగొట్టిన ప్రొఫెసరు బడిపిల్లాడిలా నోరు తెరిచాడు. ముందు పంటి మీద పచ్చటి ఆకు తునక.

రూపశ్రీ పరుగున పోయి ఫ్రీజరు తెరిచింది. మునుపటి పొట్లాల్లో మిగిలిన ఆకులు కరిగి మళ్లీ గడ్డకట్టి, ఉడికిన తోటకూర ముద్దల్లా ఉన్నాయి. ఆకులు తగ్గుతున్నట్టు అనిపించినా, ఇన్నాళ్లూ తానే లెక్క తప్పాననుకుందట. జయరామయ్య స్టూలు మీద కూలబడ్డాడు. రోజుకు రెండాకులేనని, అన్నం తిన్నాక పొట్లం బల్ల మీద పెట్టుకుని నమిలి, మళ్లీ లోపల పెట్టేవాణ్నని ఒప్పుకున్నాడు. కాలేజీ పెరట్లో తీగ ఉందిగా అని నేను గీత ఇవతలి నుంచే అడిగాను. అక్కడైతే అందరూ చూస్తారట.

“ఆఖరి పొట్లాలు గూడానా సార్?” అంది రూపశ్రీ.

“అవి కనపళ్లేదమ్మా,” అన్నాడాయన, పాపం నిజాయితీగానే. “ఎతికినాను.”

దేవకమ్మ రెండు జతల తొడుగులు వేసుకుని, అట్టడుగు అరలో ఖాళీ డబ్బాల కిందినుంచి ఆ పొట్లాలు తీసింది. రాయిలా గడ్డకట్టి, కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. ఎంగిలి చేతులు తిరిగే ఇంట్లో ఊరగాయ జాడీని అటకెక్కించే ఇల్లాలి ముందుచూపు అది.

పది రోజుల తర్వాత హైదరాబాదు నుంచి జవాబొచ్చింది. పదికి ఎనిమిదిన్నర. రూపశ్రీ ఈసారీ సింకు దగ్గరే ఏడ్చింది, దేవకమ్మ ఈసారి కుళాయి కట్టలేదు. ఆ వారమే జయరామయ్య కిటికీలో ఒక పొడపత్రి కుండీ వెలిసింది. ఇది మీది, అది పాపది అని చెప్పి దేవకమ్మే పెట్టిందట. ఇప్పుడాయన బాహాటంగా నములుతాడు. అడిగితే, పరిశోధన జరుగుతోందంటాడు.

రూపశ్రీ థీసిస్ నా నలభై మూడో పీహెచ్‌డీ. అందులో ఏం తేలిందో నన్ను అడగొద్దు, నూట ఎనభై పేజీలు. కృతజ్ఞతల పేజీలో మాత్రం మొదటి పేరు దేవకమ్మది, రెండోది గైడుది. ఆ గౌరవానికి తగ్గట్టు నేను ఇదంతా రాసి, కొట్టు ముందు ఆమెను నిలబెట్టి, మొదటి వాక్యం నుంచి చదివి వినిపించాను. కళ్లు చెమరుస్తాయనుకున్నాను. ఆమె సంచీ భుజం మార్చుకుంది.

“నాకు సూదిలో దారమే ఎక్కదప్పా, ఆరెన్నే యాడ కనపడతాది? పొంగలి ఇసక మాదిరుండాదంటే బెల్లం సాల్లేదేమోనని అడిగినా. నాలిక సూపమనింది నోరు పూసిందేమోనని. ఆ పొట్లాలు ఫ్రీజరు తుడిసేటప్పుడు కిందబెట్టి మర్సిపోయినా.”