అంచున లేని బెజ్జాలు

ప్రొద్దుటూరులో చేనేత చీర కొన్నానని ఆ రోజు కాస్త గర్వంగానే ఉన్నాను. మరమగ్గం బట్ట కొనకూడదన్నది నాకు నేను పెట్టుకున్న నియమం. జమ్మలమడుగు బస్సులో కిటికీ పక్కన ఇరుక్కుని కూర్చుని, చీరను సంచిలోంచి తీసి మళ్లీ చూసుకుంటున్నాను. పక్క సీటులో ఉన్నామె, అడగకుండానే, అంచు పట్టుకుని వెలుతురుకు ఎత్తింది.

"ఇది చేనేత కాదు మ్మా. చేత్తో నేసేటప్పుడు గుడ్డ బిగుతుగా ఉండేదానికి రెండు పక్కలా సూదులు గుచ్చుతాం. అంచెంబడి బెజ్జాలు పడతాయి. ఇందులో యాడుండాయి?"

నాకు ఒళ్లు మండింది. "రేపే వాళ్ల మొహాన కొడతాను. ఇలాంటివి ఎవరూ కొనకూడదు" అన్నాను.

ఆమె చీరను పాత మడతల మీదే మడిచి నా ఒళ్లో పెట్టింది.

"మా ఇంట్లో చేమగ్గం గుంత పూడ్చేసి శానా రోజులాయ. నేనూ మా ఆయనా ఇప్పుడు మరమగ్గాల కాడికే పోతాండాం. ఇట్లాంటివే నేస్తాండాం. ఇవి గూడా వద్దంటే మేం యాడికి పోవల్ల?"

బస్సు కిక్కిరిసి ఉంది. లేచి వేరేచోటికి పోయే వీలు లేదు. ఆమె మడిచిన చీరను అలాగే సంచిలో పెట్టుకున్నాను.

చీర తిరిగివ్వలేదు. కట్టుకున్నప్పుడల్లా ఎవరో ఒకరు "చేనేతేనా?" అని అడుగుతారు. కాదంటాను. మరి తిరిగివ్వలేదేమంటే, బస్సులో ఆమె నన్నడిగిన మాటే వాళ్లనీ అడుగుతాను.