అద్దాల గోడలో కట్టె కిటికీ

మా మేనత్త మొన్న సూర్యాపేటలో తన ఇంట్లో, తలుపు తెరిచే ఉంచమని చెప్పి, కన్నుమూసింది. పట్టణంలో సగం పెళ్ళిళ్ళకు జాకెట్లు కుట్టిన మనిషి కనుక, ఆమె విషయమై కొన్ని సంగతులు ప్రజల దృష్టికి తేవడం అవసరమని భావిస్తున్నాను.

ఒక బట్టల దుకాణం పై అంతస్తులో ఫాల్స్, జాకెట్లు కుట్టే ఆడపిల్లలకు ఆమె పెద్ద. తొంభైల నడుమ దుకాణం సేటు హైదరాబాదు చూసి వచ్చి, ముందు గోడంతా అద్దం బిగించాలని తీర్మానించాడు. బయట నిలబడితే మన ముఖమే మనకు కనబడే రకం. లోపలివారికి గాలి అవసరమా అన్న అంశం పరిశీలనకు రాలేదు. అత్త ఒక్కతే లేవనెత్తింది.

"సేటూ, పాత కిటికీ ఒక్కటి ఉంచు. పైన మనుషులున్నరు."

"గంత మంచి అద్దంల కట్టె కిటికా, అక్కా? మొఖం మీద అమ్మవారి మచ్చ లెక్క ఉంటది."

"ఉండనీ. మచ్చలున్నోళ్ళు బతికినోళ్ళే గద."

విజ్ఞప్తి తిరస్కరించబడింది. అత్త సేటు బిడ్డ పెళ్ళి జాకెట్లన్నీ కుట్టి, హుక్కులు మాత్రం వేయకుండా నిలిపివేసింది. ముహూర్తం దగ్గరపడ్డాక సేటు భార్య జోక్యంతో కిటికీ మంజూరైంది. రంగు వెలిసిన ఆ నీలం రెక్కలను చూసి జనం నవ్వారు; మిగతా అద్దంలో తల దువ్వుకున్నారు. అత్త పొద్దున్నే మిషను ముందు కూర్చునే ముందు కిటికీ మడతబందులకు చుక్క నూనె వేసేది. "ఎంత మెరిసినా, తెరుసుకోనిది గోడనే" అనేది.

మరుసటి ఎండాకాలం ఒక మధ్యాహ్నం కిందివాళ్ళు షట్టరు దించి భోజనాలకు వెళ్ళారు. మెట్ల కింద వైర్లు అంటుకున్నాయి. నేను ఎదురు హోటల్లో చాయ్ తాగుతున్నాను. అద్దంలో బజారు యథావిధిగా ఉంది: రిక్షాలు, ఆర్టీసీ బస్సు, నా చేతిలో గ్లాసు. లోపల మనుషులకు ఊపిరాడడం లేదని ఆ అద్దం ఎవరికీ తెలియజేయలేదు. కిటికీలోంచి మొదట నల్లటి పొగ వచ్చింది, తర్వాత అత్త చేయి వచ్చింది.

"నిచ్చెన తేండ్రి."

పక్క దుకాణానికి బోర్డు రాస్తున్న పెయింటరు తన నిచ్చెన మోసుకొచ్చి ఆనించాడు. అత్త మెట్ల తలుపు సందుల్లో తడి గుడ్డలు కుక్కి, పిల్లలను ఒక్కొక్కరినే దించసాగింది. పైన అద్దం పగుళ్ళిచ్చి పెంకులు రాలడంతో మేమంతా వెనక్కి తగ్గాం. పెయింటరు నెత్తురు కారుతున్న చేత్తోనే నిచ్చెన పట్టుకొని ఉన్నాడు. చివరి పిల్ల కొంగు గడియకు చిక్కింది. ఆ పిల్ల అటూ ఇటూ కదలలేక బిగుసుకుపోయింది.

"కిందికి సూడకు బిడ్డా. నన్ను సూడు."

అత్త కత్తెరతో కొంగు కోసింది. కొత్త చీర. కింద కాలు మోపగానే ఆ పిల్ల దాని కోసమే ఏడ్చింది. పొగలోంచి అత్త ఎంతకూ రాలేదు. వచ్చినప్పుడు కత్తెర చేతిలోనే ఉంది.

దుకాణానికి మళ్ళీ అద్దమే బిగించారు. కిటికీ ఉంచమని ఈసారి ఎవరూ అడగనక్కర లేకపోయింది.

అత్తను తీసుకుపోయిన రోజు దుకాణం మూసి ఉంది. ఆ అద్దంలో పాడె, డప్పులు, వెనక మేమంతా కనబడుతూ నడిచాం. నడుమ ఒక్కచోట మాత్రం మేము లేము. అక్కడ నీలం రెక్కలు రెండూ బార్లా తెరిచి ఉన్నాయి.