సినిమాలో నన్ను ద్రోహిని చేసిన స్నేహితుడి కోసం: ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాకా

ముందే చెప్పేస్తున్నాను, ఈ ప్రయాణం నేను గండికోట చూడ్డానికి చేయలేదు. ఈ పేజీ చదివేవాళ్ళలో చాలామంది బస్సుల కోసం, మంచి భోజనం ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవడం కోసం వస్తారని తెలుసు. అవీ చెబుతాను. కానీ ఆ ఆదివారం తెల్లవారుజామున కర్నూలులో నేను బస్సెక్కింది ఒక మనిషిని నిలదీయడానికి.

అంతకు రెండు రోజుల ముందు మా మేనల్లుడు ఫోనుకు ఒక సినిమా ట్రైలర్ పంపాడు. "మామా, దీంట్లో ఒకాయన అచ్చం నీ మాదిరే ఉండాడు సూడు" అని కింద రాశాడు. చూశాను. ఇద్దరు స్నేహితులు, ఒక అమ్మాయి, కొన్ని కవితలు. ఆ స్నేహితుల్లో ఒకడు బక్కపలచగా ఉంటాడు. మాటకు ముందు "అదేందప్పా అంటే" అంటాడు. కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుస్తాడు. మా ఆవిడ ముంతాజ్ నా భుజం మీదుగా చూసి నవ్వింది. చివర్లో దర్శకుడి పేరు పడింది. ఓబులేసు. అప్పుడు మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఓబులేసూ నేనూ ప్రొద్దుటూరులో డిగ్రీ చదివేటప్పుడు ఒకే గదిలో ఉన్నాం. వాడు కవితలు రాసేవాడు. మా కాలేజీలోనే చదివే రమాదేవికి వాటిని నేను అందించేవాణ్ణి. వాళ్ళ నాయన ఒక ఆఫీసులో గుమాస్తా. ఆయనకు ఎలాగో విషయం తెలిసి గదికి వచ్చి గొడవ చేశాడు. ఆ వేళ నేను ఊళ్ళో లేను. తిరిగి వచ్చేసరికి ఓబులేసు పెట్టె సర్దుకుని బెంగళూరు పోయాడు. నాకు ఒక్క మాట చెప్పలేదు, తర్వాత ఒక్క ఫోనూ చేయలేదు. సిగ్గుపడి పోయాడనే ఇన్నేళ్ళూ అనుకున్నాను. ట్రైలర్లో హీరో ఆ కళ్ళద్దాలవాణ్ణి ద్రోహీ అని తిట్టడం చూశాక మొదటిసారి అనుమానం వచ్చింది. వీడు నా గురించి ఇంకేదో అనుకుంటున్నాడా? సినిమా ప్రొద్దుటూరులో ఆడుతోందని, దర్శకుడూ ఆ ఊళ్ళోనే ఉన్నాడని మేనల్లుడు చెప్పాడు.

కర్నూలు నుంచి ప్రొద్దుటూరుకు నంద్యాల, ఆళ్ళగడ్డ, దువ్వూరు మీదుగా ఎక్స్‌ప్రెస్ బస్సుకు నాలుగు గంటల పైనే పడుతుంది. ఎడమవైపు కిటికీ దగ్గర కూర్చుంటే ఆళ్ళగడ్డ దాటాక నల్లమల కొండలు చాలాసేపు తోడుంటాయి. ప్రొద్దుటూరు బస్టాండు దగ్గర బొరుగులతో చేసే ఉగ్గాని, బజ్జీ తిని, ఆ రోజంతటికీ ఒక కారు మాట్లాడుకున్నాను. ఎటు పోవాలో అప్పటికి నాకే తెలీదు గానీ, చివరికి జమ్మలమడుగు, గండికోట, పులివెందుల తిప్పి మళ్ళీ బస్టాండులో దింపడానికి మూడు వేల లోపే అయింది. డ్రైవర్ సుబ్బరాయుడు నా చేతిలోని కెమెరా వంక చూసి, "సార్, మీరు సినిమావాళ్ళా, లేకుంటే బంగారంగళ్ళ మీద రైడుకొచ్చిన ఆఫీసర్లా?" అని అడిగాడు. రెండూ కాదన్నాను. వాడు నమ్మలేదు. "యాడికి పోవాలన్నా చెప్పండి, నాకెందుకులే" అంటూనే అద్దంలో నన్ను చూస్తూ నడిపాడు.

మొదట సినిమా హాలుకు పోయాం. ఉదయం ఆటకు ముప్పై మంది ఉంటారేమో. నిజం చెప్పాలి, సగం దాకా సినిమా నాకు చాలా నచ్చింది. ఇద్దరు కుర్రాళ్ళు ఒకే కంచంలో సంగటి తినడం, సైకిలు మీద డబుల్స్ పోవడం చూస్తుంటే మా పాత గది గుర్తొచ్చింది. ఆ తర్వాత ఎండిన పెన్నలో ఇసుక మీద కూర్చుని హీరో తన కవిత చదువుతాడు.

పెన్న ఎండిపోయిందని వెనక్కి పోవద్దు,
ఇసుక కింద తేమ నీ కోసం మేలుకోని ఉంది,
చేత్తో తవ్వు, చెలమ ఏడుస్తాది.

ముందు వరసలో ఒక పెద్దాయన "భలే చెప్పినాడప్పా" అన్నాడు. ఆ కవిత నిజంగా ఓబులేసు రాసిందే. ఇంకో పది నిమిషాలకు ఆ కళ్ళద్దాల స్నేహితుడు అమ్మాయి తండ్రి ఇంటికి పోయి, అదే కవిత రాసిన కాగితం ఆయన చేతిలో పెట్టాడు. ఆయన బదులుగా వాడికి ఉద్యోగం ఇప్పించాడు. నాకు ఉద్యోగం వచ్చింది కూడా ఆ ఏడాదే. పరీక్ష రాసి తెచ్చుకున్నాను. కానీ హాల్లో పక్కవాళ్ళు నన్ను గుర్తుపడుతున్నారేమోనని అద్దాలు తీసి జేబులో పెట్టుకున్నాను.

టికెట్లిచ్చే ఆయన్ను దర్శకుడి గురించి అడిగాను. "నిన్న ఈడ్నే ఉండె. ఈ పొద్దు గండికోట కాడ ఇంకో సినిమాకు జాగాలు సూస్తాండాడు. మీరెవరు?" అన్నాడు. స్నేహితుణ్ణి అన్నాను. ఆ మాట నా నోటికే కొత్తగా ఉంది.

ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు అరగంట పైన, అక్కడి నుంచి గండికోట ఇంకో అరగంట. మధ్యాహ్నం ఎండలో రాళ్ళు కాలుతుంటాయి కాబట్టి మీరు పోతే పొద్దున్నే పోండి. ఓబులేసు లోయ అంచున ఒక బండ మీద ఉన్నాడు. జుట్టు సగం నెరిసింది, పొట్ట వచ్చింది. నన్ను చూసి లేచాడు గానీ దగ్గరికి రాలేదు.

"నేనీడ ఉండానని ఎవరు చెప్పినారు?" అన్నాడు.

"సినిమా చూసినా."

"ఎట్లుంది?"

"ఆయన చేతికి నేనెప్పుడిచ్చినానప్పా కాగితం?"

వాడు లోయలోకి చూశాడు. "నీ పేరు పెట్టలేదు గదా."

"నా అద్దాలు పెట్టినావు, నా మాట పెట్టినావు, నా ఉద్యోగం గూడా పెట్టినావు. ఇంక పేరొకటేనా తక్కువ?"

"ఆ కవిత ముగ్గురికే తెలుసు జిలానీ. నేను చెప్పలా. ఆయమ్మి చెప్పదు. ఇంగెవరు?"

"ఆయమ్మి చెప్పదని నీకెవరు చెప్పినారు?"

"ఏ ఆడపిల్లయినా నాయన కాడికి పోయి చెప్పుకుంటాదా?"

నాకు ఒళ్ళు మండింది. అయినా ఓపిక పట్టి, ఆ రోజు గదిలో ఏం జరిగిందో చెప్పమన్నాను. ఇన్నేళ్ళలో ఆ మాట నేను అడగడం అదే మొదలు. వాడు నెమ్మదిగా చెప్పాడు. ఆయన గడప దగ్గర నిలబడి, ఎవరు రాసిందిరా ఇది అంటూ కవితంతా చదివి వినిపించాడట.

"చేతిలో కాగితం ఉన్నిందా?" అన్నాను.

"లేదు. నోటికి చెప్పినాడు. ఒక్క అక్షరం పోకుండా."

"నేనిచ్చింటే కాగితం ఉండాల గదా. నాకు ఆ కవిత ఇప్పటికీ సరిగా నోటికి రాదు. నువ్వు మడిచిచ్చింది మడిచినట్టే ఇచ్చి వచ్చేవాణ్ణి. మరి సినిమాలో కాగితమెందుకు పెట్టినావు?"

"తెరమీద ఏదో ఒకటి కనపడాల గదా మామా" అన్నాడు. అలా అన్నాక వాడి మొహం మారింది. తను చూసిందేదో, తను కల్పించుకున్నదేదో వాడికే కలిసిపోయినట్టుంది. అయినా పూర్తిగా ఒప్పుకోలేదు. "గదిలో నేను చదువుతాంటే విని ఉంటావులే" అని గొణిగాడు. నాకూ వాడి మీద నమ్మకం కుదరలేదు. అంతా తెలిసే, కథ రక్తి కట్టాలని నన్ను బలిచ్చాడేమో. అడగాల్సిన మనిషి పులివెందులలో ఉంది. రమాదేవి అక్కడ బడిలో తెలుగు చెబుతుందని మా చెల్లెలి ద్వారా నాకు తెలుసు. చెల్లెలికి ఫోన్ చేసి, ఇంటి గుర్తులు కనుక్కుని, మేం వస్తున్నామని ఆమెకు చెప్పమన్నాను. ఓబులేసు కాసేపు రాలేనన్నాడు, తర్వాత వచ్చి కారులో వెనక కూర్చున్నాడు.

జమ్మలమడుగులో ఒక చిన్న మెస్సులో ఆగాం. జొన్నరొట్టె, రోట్లో నూరిన ఊరుబిండి పచ్చడి, పప్పు. ఇద్దరికీ కలిపి రెండొందలు కాలేదు, ఊరుబిండి మాత్రం మర్చిపోలేను. వడ్డించే ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఏందప్పా, ఒక్క మాట లేకుండా తింటాండారు, ఆస్తి పంచుకోను వచ్చినారా?" అంది. ఓబులేసు తల ఎత్తలేదు. సుబ్బరాయుడు మాత్రం తనకు ఇప్పుడు అంతా అర్థమైందన్నట్టు తల ఊపాడు.

ముద్దనూరు మీదుగా పులివెందులకు గంటన్నర. ఊరు దగ్గరపడే కొద్దీ చీనీ తోటలు, అంటే బత్తాయి తోటలు, అరటి తోటలు వస్తాయి. రమాదేవి ఇల్లు ఒక సందు చివర. ఆమె వరండాలోకి వచ్చింది గానీ గ్రిల్లు తలుపు వెంటనే తీయలేదు. కడ్డీల వెనక నిలబడి మమ్మల్ని చూసింది.

"ఇద్దరూ కలిసి వచ్చినారే. ఇంకో సినిమాకా?"

"కాదమ్మా, ఒక మాట అడిగి పోతాం" అన్నాను.

ఆమె ఆలోచించి తలుపు తీసింది. "మా ఆయన తోట కాడికి పోయినాడు, వచ్చే వేళయింది. మీతో ఏం చెప్తానో ఆయనకూ అదే చెప్తా. కూర్చోండి జిలానన్నా." మంచినీళ్ళు ఇచ్చింది. ఓబులేసు గ్లాసు పట్టుకుని తాగకుండా కూర్చున్నాడు. అడగాల్సింది నేనే అడిగాను. ఆ కవిత మీ నాయనకు ఎవరు చెప్పినారని.

"నేనే" అంది.

ఆమె కుర్చీ లాక్కుని మా ఎదురుగా కూర్చుంది.

"రాత్రి అన్నం తింటాంటే ఎదురుగా కూర్చోని చెప్పినా. అంత మంచి కవిత వింటే మా నాయన కరిగిపోతాడనుకున్నా. ఇట్లా రాసేవాడు చెడ్డవాడు కాడని ఆయనకే తెలిసొస్తాదనుకున్నా. ఆయన చెయ్యి ఆపి, ఇంగోసారి చెప్పు అన్నాడు. చెప్పినా. మళ్ళా అడిగినాడు, మళ్ళా చెప్పినా. నచ్చిందనే అనుకున్నా. ఆ రాత్రి ఎంత సంతోషంగా పడుకున్నానో మీకు తెలీదు. తెల్లారి చూస్తే ఆయన లేడు. కవిత నోటికి పట్టించుకోని మీ గదికొచ్చినాడు."

ఓబులేసు గ్లాసు కింద పెట్టాడు. "నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు ఉంటే గదా చెప్పేదానికి? వారం లోపలే బెంగళూరు పోతివి. జిలానన్నను గూడా అడక్కుండా పోతివి. ఇన్నేళ్ళకు సినిమా తీస్తే, దాంట్లో చెప్పేదీ మగోడే, చేసేదీ మగోడే. నేను మిద్దె మీద కూర్చోని ఏడుస్తాంటా." ఆమె గొంతు పెరగలేదు. "ఇంకోటి. కవిత గూడా తప్పు పెట్టినావు. చెలమ పలుకుతాది అని గదా నువ్వు రాసింది. సినిమాలో ఏడుస్తాది అంటివి. నేను ఏడవలేదు ఓబులేసూ. నేను మాట్లాడినా."

వాడు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నా మీది నింద పోయినందుకు సంతోషం రావాలి. రాలేదు. గండికోటలో నేనూ ఆమెను అనుమానించాను. ఆమే చెప్పి ఉంటుందని అనుకున్నాను, అదీ భయపడో, తప్పించుకోవడానికో అనుకున్నాను. ధైర్యం చేసి చెప్పి ఉంటుందని మాత్రం నాకూ తట్టలేదు.

ఆమె మాకు టీ ఇచ్చింది. టీ తాగుతుంటే ఆమే కొంచెం నవ్వింది. "మా నాయన మారలేదనుకోవద్దు. నా పెండ్లిచూపుల్లో పెండ్లికొడుకును ఒకే మాట అడిగినాడు. కవితలేమన్నా వస్తాయా నాయనా అని."

"వచ్చినాయా?" అన్నాను.

"ఒక్కటీ రాలేదు. అయినా చేసినాడు. మనిషి మంచోడు." అప్పుడే గేటు దగ్గర బండి ఆగింది. ఆమె భర్త చీనీకాయల సంచితో లోపలికి వచ్చాడు. మేమెవరమో ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన మమ్మల్ని కాసేపు అనుమానంగానే చూసి, "సినిమా బాగుంది గానీ శానా పొడుగప్పా" అన్నాడు.

సాయంత్రం ప్రొద్దుటూరు బస్టాండులో దిగాక ఓబులేసు నా పక్కన నిలబడ్డాడు. "ఆ పొద్దే నిన్నొక మాట అడిగింటే పోయేది" అన్నాడు.

"కాదని చెప్పింటా. నమ్మింటావా?"

చాలాసేపు ఆలోచించాడు. "తెలీదు మామా" అన్నాడు. వాడు రోజంతా చెప్పిన మాటల్లో నేను నమ్మింది ఆ ఒక్కటే. నమ్మింటానని చెప్పి ఉంటే, బస్సెక్కి మళ్ళీ వాడితో మాట్లాడేవాణ్ణి కాను. ఇంటికి చేరాక నాలుగు రోజులకు ఫోన్ చేశాడు. సినిమాను ఫోన్లలో చూసేందుకు పెట్టేముందు ఆ దృశ్యం మళ్ళీ తీస్తానని, రమాదేవిని అడిగానని చెప్పాడు. భర్తను పక్కన కూర్చోబెట్టుకుని ఆమె ఒప్పుకుందట. మాటలు మాత్రం తనే రాస్తానందట.

ఈ ఊళ్ళన్నీ ఒక రోజులో తిరగొచ్చు, తిరిగాను. కానీ ఒక స్నేహం, ఒక ప్రేమ ఇన్నేళ్ళు ఎక్కడ ఆగిపోయాయో చూడ్డానికి ఒక రోజు చాలదు. ముగ్గురం మంచివాళ్ళమే. ఒకరి గురించి ఒకరం ఊహించుకున్నది మాత్రం మంచిది కాదు. ఊహించుకున్నది చాలా చక్కగా అతికింది కాబట్టే ఇన్నాళ్ళు నిలిచింది. ఆ కవిత మీద ఎక్కువ నమ్మకం పెట్టుకున్నది దాన్ని రాసినవాడు కాదు, మోసినవాడూ కాదు, అందుకున్న పిల్ల. అది ఆ రాత్రి ఓడిపోయిందనే మేమంతా అనుకున్నాం. కోపంతో ఊగిపోతున్న ఒక తండ్రి ఒక్క అక్షరం పోకుండా గుర్తుపెట్టుకున్న కవిత ఓడిపోయినట్టా? నాకైతే ఇంకా తేలలేదు.

చివరగా పనికొచ్చే మాట ఒకటి. సొంత బండి లేకుండా పోయేవాళ్ళకు పులివెందుల నుంచి ప్రొద్దుటూరుకు సాయంత్రం పూట నేరుగా బస్సులు తక్కువ, ముద్దనూరులో దిగి మారాల్సి రావచ్చు. బోర్డు చూసి ఎక్కకండి. ఎటు పోతాందని కండక్టరును నోరు తెరిచి అడగండి.