తాను కొసన బొద్దు అక్షరాలు

మా చిన్నతనంలో, మావాళ్ళు వలస వెళ్ళిన మరమగ్గాల ఊరు భివండిలో ప్రతి బట్ట తాను కొసన నీలి సిరాతో ఒక పేరు గుద్దేవారు... ఇంగ్లిష్‌లో, బొద్దు అక్షరాలతో.

లావుపాటి ఒళ్ళు, కింద పొట్టి పాదాలు, ఎక్కడా గుచ్చుకోని గుండ్రటి అంచులు... బిస్కెట్ పొట్లం మీదా అవే, పెళ్ళిపత్రిక మీదా అవే, మిఠాయి దుకాణం బోర్డు మీదా అవే. సన్న గీతలు ముతక నేతలో మునిగిపోతాయి. ఇవి మాత్రం నిలబడేవి. చూడగానే మన మంచి కోరేవాళ్ళలా కనిపించేవి... ఆ కనిపించడమే వాటి మోసం.

మా బాపు రాజేశం ఏళ్ళ తరబడి పరాయి మగ్గాల మీద కూలికి నేసి, చివరికి నాలుగు మగ్గాలు కిరాయికి తీసుకున్నాడు. మొదటి తాను దిగకముందే నన్ను వెంటబెట్టుకుని ఊళ్ళోనే నిజాంపురాలో చెక్క ఠప్పాలు, అంటే పేర్లు గుద్దే ముద్రలు, చెక్కే చాచా దగ్గరికి వెళ్ళాడు.

"కైసా అక్షర్ చాహియే, సేఠ్?"

బాపును సేఠ్ అన్న మొదటి మనిషి ఆయనే... బాపు నా చేతిలోని బిస్కెట్ పొట్లం లాక్కుని చూపించాడు. "గిట్ల. మోటా. జర నరమ్."

తాను దిగిన రోజు అవ్వ... అమ్మను మేమలాగే పిలిచేవాళ్ళం... ఆ ఠప్పాకు పసుపు కుంకుమ పెట్టింది. బాపు ఊపిరి బిగబట్టి తన పేరు గుద్దాడు...

మధ్యాహ్నం నూలిచ్చిన సేటు వచ్చాడు. పరాయివాడేం కాదు, మా జిల్లావాడే.

"ఏందిరా రాజేశం, నూలు నాది, పేరు నీదా?"

"నేసింది నేను గద సేటూ..."

"గట్లయితే కరెంటోళ్ళ పేరు గూడ గుద్దు! మగ్గం తిప్పింది వాళ్ళే గద!"

షెడ్డంతా నవ్వింది. బాపు కూడా నవ్వాడు... నూలు ఆగితే మగ్గాలు ఆగుతాయని తెలిసినవాడి నవ్వు అది.

ఆ తర్వాత తనే కత్తెర తీసుకుని తన పేరున్న కొసను కోసేశాడు. సేటు పేరుతో, సేటు పంపిన ఠప్పాను తన చేత్తోనే గుద్దాడు. అందులోనూ అదే లావు, అవే మెత్తని అంచులు...

"అక్షరాలైతే గవే గదనే," అన్నాడు అవ్వతో.

దానికి జవాబు నేనిస్తాను. నూలు పెట్టినవాడికి హక్కుంటే, ఒంటి కష్టం పెట్టినవాడికి ఎందుకు లేదు? ఏ సభలోనైనా, ఎవరితోనైనా వాదించడానికి నేను సిద్ధం... కానీ ఆ మధ్యాహ్నం వాదించాల్సిన చోట మా ఇంట్లో ఎవరికీ నోరు లేదు.

ఇప్పుడు భివండిలో చెక్క ఠప్పాలు దాదాపు పోయాయి. తానుకు కంప్యూటర్ అచ్చేసిన సన్నని లేబుల్ అంటిస్తున్నారు. నేసినవాడి పేరు అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు... ఇన్నేళ్ళలో మారింది అక్షరాల లావు ఒక్కటే.

మీ ఇంట్లోవాళ్ళు చేసినదాని మీద ఎవరి పేరు పడింది? కింద రాయండి... చేసినవాళ్ళ పేరు ముందు రాయండి.