పలుకు మీది గీత

ఆ ఏడు మే నెలలో మా మనవరాలికి ప్రాణమంతా ఒక స్ఫటికం పలుకు మీదే ఉండేది. మినపగింజ కంటే కాస్త పెద్దది. రాయపూర్లోనే, యూనివర్సిటీ కొలిమి ముందు ఏళ్ళ తరబడి కూర్చుని పెంచింది. కరెంటు పోయినప్పుడల్లా కొలిమిలోది పాడై, చివరికి పనికొచ్చింది ఆ ఒక్కటే. మర్నాడు పొద్దున్న రైల్లో దాన్ని దూరపు ల్యాబుకి పట్టుకెళ్ళాలి. అక్కడ హీలియం పోసి, మన ఊహకందని చలిలో దాన్ని పరీక్ష చేస్తారు. మూడంటే మూడు రోజులిచ్చారు. అవి దాటితే మళ్ళీ వంతు ఎప్పుడో ఎవరూ చెప్పలేరు. దాని థీసిస్ అక్కడే ఆగి ఉంది.

నేను మూడో తరగతితో బడి మానేసిన మనిషిని. అయినా నా ఇంట్లో ఏం జరుగుతోందో తెలుసుకోకుండా ఊరుకోను.

"ఏటే అది?" అనడిగాను.

"ఫ్రస్ట్రేటెడ్ మాగ్నెట్ మామ్మా. విసిగిపోయిన అయస్కాంతం."

"విసుగు దానికా, మీ మాస్టారికా?"

నవ్వేసి, మా పాత రైల్వే క్వార్టర్ల మీద పెట్టి చెప్పింది. గదులన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయనుకో. గదికి నాలుగు గుమ్మాలు, గుమ్మానికో మనిషి. ఏ గదికైనా ఇద్దరు లోపలికి, ఇద్దరు బయటికి మొహం పెట్టాలి. ఈ గదిలోకి చూసినవాడు పక్క గదికి వీపు చూపిస్తాడు కదా. అలా నిలబడే తీరులు లెక్కలేనన్ని, ఒకటి మేలు ఒకటి కీడు అని లేదు. అందుకని ఎంత చలిపెట్టినా అందరూ ఒక వరసకి రారు, ఎక్కడివాళ్ళక్కడ బిగుసుకుపోతారు. నీళ్ళు గడ్డకట్టిన మంచులోనూ ఇలాంటి పేచీయే ఉందట. అందుకే దీన్ని స్పిన్ ఐస్ అంటారట.

"బాగా చల్లబెడితేగాని దీని అసలు గుణం తెలీదు మామ్మా" అంది.

నా బుర్రలో మిగిలినవి రెండే ముక్కలు. ఐసు, చల్లబెట్టడం.

మధ్యాహ్నం అది బజారుకెళ్ళింది. కరెంటు పోయింది. బల్ల మీది డబ్బీ ముట్టుకుంటే వేడిగా ఉంది. తెరిచాను. దూదిలో పటికబెల్లం ముక్కలా లేత పసుపు పలుకు. వచ్చేలోగా కరిగిపోతుందేమోనని భయమేసింది. తడిగుడ్డలో చుట్టి, నీళ్ళకుండ కింద తడి ఇసకలో పెట్టాను. కాసేపటికి తీసి చూస్తే దాని మీద సిరా మరకలాంటిది చెదిరి ఉంది. పెద్ద ల్యాబుకెళ్ళేది శుభ్రంగా ఉండాలి కదా అని చెంగుతో తుడిచి దూదిలో పెట్టేశాను.

సాయంత్రం మా అబ్బాయి ఉర్లా ఫ్యాక్టరీ నుంచి వచ్చి, టీ తాగుతూ కూతుర్ని ఆటపట్టించాడు. "అంత చిన్నదానికి తలేదో తోకేదో ఎలా తెలుస్తుందే?"

"గీత ఉంది కదా నాన్నా. వేరే ఊళ్ళో ఎక్స్‌రే తీయించి, ఏ దిక్కు ఎటో గీసి పెట్టుకున్నాను. అది లేకపోతే కొలిచిందంతా సున్నా."

నా చేతిలో టీ చల్లారిపోయింది. గ్లాసు పగిలితే పగలగొట్టినవాళ్ళే ముందు చెప్పాలని పిల్లల్ని అప్పడాల కర్ర పట్టుకుని పెంచాను. ఆ సాయంత్రం నేను చెప్పలేదు. చెప్పినా ఈ ఊళ్ళో ఆ ఎక్స్‌రే లేదుగా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. పొద్దున్న అది సంచీ భుజానికి తగిలించుకునేసరికి ఇంక నిలవలేకపోయాను.

"డబ్బీ తెరువు."

"ఇప్పుడా? టేపు చుట్టేశాను మామ్మా."

"తెరవమన్నాను."

తెరిచి, కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పింది. "గీత ఏదీ?"

"తుడిచేశాను. కరిగిపోతుందని కుండ కింద పెట్టాను."

"ఇది రాయి మామ్మా. కొలిమిలో పుట్టింది. ఎండకి కరుగుతుందా?"

"ఐసన్నావు."

అది సంచీ దించి మంచం మీద కూర్చుంది.

"తిట్టవే" అన్నాను.

"తిడితే గీత వస్తుందా?"

అక్కడి ల్యాబుకి ఫోన్ చేసింది. వాళ్ళ దగ్గర ఎక్స్‌రే ఉందిగాని, ఖాళీ ఉంటేనే ఇస్తారట. ఆ దిక్కు వెతుకులాట కూడా ఈ మూడు రోజుల్లోనేనట. ఆటో వచ్చింది, ఎక్కి వెళ్ళిపోయింది.

మా ఇంట్లో ఫోను ఊరికే ఎత్తితే నేనొప్పుకోను. ఆ మూడు రోజులూ లైను బతికుందా లేదా అని నేనే ఎత్తెత్తి చూశాను. కంచం ముందు కూర్చుంటే సగం అలాగే వదిలేసేదాన్ని. పారేయడం అలవాటు లేక, పూట పూటకీ చల్దే తిన్నాను.

అక్కడ మూడో రోజు సాయంత్రం ఎస్టీడీ బూత్ నుంచి చేసింది.

"దిక్కు దొరికింది మామ్మా. దానికే ఒకటిన్నర రోజు పోయింది. ఒక వైపు నుంచే కొలిచాం, రెండో వైపు మిగిలిపోయింది."

"మళ్ళీ ఎప్పుడిస్తారు?"

"అర్జీ పెట్టాలి."

"మీ మాస్టారికి చెప్పు, చదువురాని ముసల్దాని పనని."

"చెరిగిపోయే సిరాతో గీయడం నా తప్పని చెప్పాను."

"అబద్ధమాడావా?"

"అబద్ధం కాదు. నిజంగానే అలా గీయకూడదు."

"అయితే ఇద్దరిదీ అని రాయి అర్జీలో."

"అర్జీలో అలాంటివి రాయరు మామ్మా."

"కారణం రాయకపోతే ఎలా ఇస్తారే?"

బూత్‌లో మీటరు తిరుగుతూనే ఉంటుందని తెలుసు. అయినా నేను ఫోను పెట్టెయ్యమనలేదు.