కొండెక్కి పట్టిన ఊళ్ళు

ఆట రాసింది నేను. అందులోని మ్యాపు గీసింది నేను. ఆ మ్యాపులో నా రంగు మాత్రం ఒక్క గడిలోనే ఉంటే నాకు మండదా మరి!

అప్పుడు అనంతపురంలో ఇంజనీరింగ్ చివరి ఏడాది చదువుతున్నాను. ఆ రోజుల ఫోన్లలో ఒక వింత ఉండేది. ఏ ఊరి టవరు అందితే ఆ ఊరి పేరు తెర మీద పడేది. బస్సులో కూర్చుని పేర్లు మారడం చూస్తుంటే నాకు ప్రాజెక్టు తట్టింది. మన జిల్లా మ్యాపునే ఫోన్లో రాజ్యాలుగా మార్చాలి. మనం ఒక ఊరికి వెళ్ళి, టవరు అందగానే, ఆ ఊరి గడి మన రంగులోకి రావాలి. తర్వాత ఇంకెవరైనా వెళితే అది వాళ్ళదవుతుంది. ఊరు నిజం, రాజ్యం ఉత్తుత్తిది! తిండీ నిద్రా మాని రాశాను. హాస్టల్ గేటు దగ్గర అనంతపురం గడి మొదటిసారి ఎర్రబడినప్పుడు నేను వేసిన కేకకు వాచ్‌మన్ పరిగెత్తుకొచ్చాడు.

నా బ్యాచ్‌లో ఇద్దరబ్బాయిలు. ప్రోగ్రాంలో ఒక్క వరస రాసిన పాపాన పోలేదు గానీ, బండేసుకుని ఊళ్ళ మీద పడ్డారు. కళ్యాణదుర్గం, వజ్రకరూరు, మడకశిర, గోరంట్ల... మ్యాపంతా వాళ్ళ నీలం రంగే. నేను బస్సులో ఇంటికెళ్తూ పట్టిన ఊళ్ళు కూడా వారం తిరక్కుండా లాక్కున్నారు. పైగా, "రాసేది నువ్వు, ఏలేది మేము" అని ఎక్కిరింపు ఒకటి. ప్రాజెక్టు సార్ ముందు ఆడి చూపించే రోజు దగ్గర పడుతోంది. ఒక్క ఎర్ర గడి పెట్టుకుని ఈ ఆట నాదంటే ఎవరు నమ్ముతారు?

సెలవులకు మా ఊరు సోమందేపల్లె వచ్చి, నేనూ ఊళ్ళు తిరుగుతానని నాయన చెవిన వేశాను. ఆయన పెనుకొండకు సర్వీసు ఆటో నడిపేవాడు.

"ఆడపిల్ల సెల్లు పట్టుకొని ఊర్లెంబడి తిరిగితే చూసినోళ్లు ఏమనుకుంటారు? గమ్మున సదువుకో."

"ఇదీ సదువే నాయనా!"

"ఊర్లు తిరిగేది యాడి సదువు?"

అంతే, ఆయన మాటకు తిరుగులేదు. కోపంతో రెండు పూటలు అన్నం తినలేదు. మూడో పూట తిన్నాను, ఆకలికి సిగ్గుండదు.

ఆ శనివారం అవ్వ మొక్కు తీర్చడానికి పెనుకొండ కొండెక్కుతుంటే తోడు వెళ్ళాను. దేవుడి దగ్గరికి వెళ్ళడానికి నాయన అడ్డు చెప్పడు కదా. పైకెళ్ళాక ఊరికే ఫోన్ తీసి చూశాను. పెనుకొండ అని ఉండాల్సిన చోట రొద్దం అని ఉంది! ఎత్తు మీద ఉంటే దూరపు టవర్లు కూడా అందుతాయన్నమాట! ఫోన్ ఆపి, ఇంకో వైపుకు తిరిగి, మళ్ళీ ఆన్ చేశాను. మడకశిర. ఇంకో బండ ఎక్కాను. గోరంట్ల! నీలం గడులు ఒక్కొక్కటే ఎర్రబడుతుంటే నేను ఆగలేక గెంతాను.

"ఏమే, దేవుని కాడికొచ్చి ఆ కుప్పిగంతులేంది?" అంది అవ్వ.

"ఊర్లు పట్టుకుంటాండా అవ్వా!"

"పట్టుకుందువులే గానీ, ముందు బండ దిగు. కాలు జారితే నిన్ను నేను పట్టుకోలేను."

సార్ ముందు మ్యాపు తెరిచిన రోజు అబ్బాయిల మొహాలు చూడాలి! జిల్లా దక్షిణం కొస చాలావరకు ఎర్రగా ఉంది.

"దొంగాట సార్! ఈమె ఆ ఊర్లకు పోనే లేదు."

"మీరు బండెక్కినారు, నేను కొండెక్కినాను. తప్పేముండాది?" అన్నాను.

సార్ పడీ పడీ నవ్వాడు. "ఆట బాగుందమ్మా. ఒక్కో గడిలో ఆ ఊరి బొమ్మ కూడా పెడితే ఇంకా బాగుంటుంది. గోరంట్లలో ఏం పెడదాం, చెప్పు?"

ఆ ఊరు నేనెప్పుడూ చూడలేదు. మా ఊరి నుంచి బస్సెక్కితే గంట కూడా పట్టని ఊరు అది. అబ్బాయిలు పోటీ పడి చెప్పారు, పాత గుడి అని ఒకడు, సంత అని ఒకడు. నేను పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాను.

మంచి మార్కులే పడ్డాయి. ఇంటికొచ్చేసరికి నాయన ఆటో తుడుస్తున్నాడు.

"గెలిచినాను నాయనా," అన్నాను. అంతలోనే ఏడుపొచ్చేసింది.

"గెలిస్తే ఏడ్చేదెందుకు మే?"

"గోరంట్ల నాదంట. ఆడ ఏముండాదో చెప్పమంటే చెప్పలేకపోయినాను. నువ్వు పోనిస్తే కదా!"

నాయన తుడిచిన అద్దాన్నే మళ్ళీ తుడిచాడు. నేను లోపలికి వెళ్ళి పడుకున్నాను.

మర్నాడు పొద్దున్నే గుమ్మంలో హారన్ మోగింది.

"ఎక్కు. గోరంట్లకు పోదాం. దావలో పాసింజర్లెక్కుతారు, సర్దుకొని కూర్చోవల్ల."

ఇద్దరు ముసలమ్మల మధ్య ఇరుక్కుని, ఒళ్ళో ఎవరిదో కోడిపెట్టతో కూర్చున్నాను. గోరంట్లలో అందరూ దిగిపోయారు. నాయన ఇంజన్ ఆపి, ఆటోలోనే వెనక్కి వాలి, కండువా మొహానికి కప్పుకున్నాడు.

"నువ్వు రావా?" అన్నాను.

"నేనెందుకు మే? నువ్వు పోయి తిరిగి చూసిరా. నేనీడే ఉంటా."

ఒక్కదాన్నే దిగి నడిచాను.