నాన్న వేలు, నా పెళ్లిబొట్టు

మా నాన్న మణుగూరు బొగ్గుగనిలో హాలేజీ డ్రైవరు. పట్టాల మీద ఇనుప తాడుతో లాగే బొగ్గు టబ్బులను ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపేవాడు. అప్పుడు నేను వరంగల్‌లో ఎమ్మెస్సీ జంతుశాస్త్రం చదువుతుండేదాన్ని. అది రెండు వేల ఆరు. నా పెళ్లి నెల ఉందనగా నాన్నకు మలేరియా వచ్చి తలకెక్కింది. జ్వరం దిగింది కానీ చెయ్యి మాట వినడం మానేసింది. టీ గ్లాసు దగ్గరికి వెళ్తున్నకొద్దీ వేళ్లు ఊగి, గ్లాసును దాటిపోయేవి. చిన్నమెదడు దెబ్బతిన్నది, మెల్లగా సర్దుకుంటుంది అన్నాడు దవాఖానా డాక్టరు. మెల్లగా అంటే పెళ్లయ్యాకే.

చిక్కల్లా అక్కడే వచ్చింది. మా ఇళ్లలో పెళ్లికూతుర్ని పీటలెక్కించే ముందు తండ్రి బొట్టు పెట్టాలి. "నేను పెట్ట. మీ చిన్నాయినతోని పెట్టిచ్చుకో," అనేశాడు నాన్న. నాకు ఒళ్లు మండింది. చదువుకున్నదాన్ని కదా, నోరు ఊరుకుంటుందా? పాఠం మొదలుపెట్టాను.

"నాయినా, నీ చేతిల బలం పోలే. ఆపేటోళ్లు సక్కగ పనిజేస్తలేరు, గంతే. చిన్నమెదడుల కొన్ని పెద్ద కణాలుంటయ్. చేతికి కబురు పంపే కణాలను 'ఆగు' అనుడే వాటి పని. ఆ మాట అందే సందునే సినాప్స్ అంటరు. టైముకు ఆగు అంటేనే చెయ్యి గ్లాసుకాడ ఆగుతది."

బ్రేకు సంగతి నాన్నకు చెప్పాలా! వెంటనే పట్టుకున్నాడు. "అవ్, మరి ఎప్పుడూ ఆగు అంటనే ఉంటే చెయ్యి లేసుడెట్ల?"

"ఆ పెద్దదాన్నే ఆగు అనే చిన్న కణాలు గూడ ఉన్నయ్. అవి దాని నోరు మూసినప్పుడు కబురు టకటక పోతది, చెయ్యి కదుల్తది."

"అంటే అత్తకూ ఓ అత్త ఉన్నట్టు!" అని పకపకా నవ్వాడు. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు. "నువ్వు పొయ్యేది గూడ అత్తగారింటికే, గా ముచ్చట మంచిగ నేర్సుకో," అంది అమ్మ వంటింట్లోంచి.

నవ్వాడు సరే, పెళ్లినాడు మేళం మోగుతుంటే మనిషి కనపడలేదు. వెతికితే వంటల దగ్గర, పప్పు గుండిగల వెనక నిలబడ్డాడు, చేతిని కండువాలో దాచుకుని. పట్టుచీర ఎగదోసుకుని అక్కడికే వెళ్లాను. చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. కుంకుమ భరిణె తీసి నాన్న ముందుంచాను.

"కంట్లె పొడుస్త బిడ్డా."

"పొడువు. ఇంకో కన్నుంది గద."

నాన్న వేలు ముంచాడు. నా ముఖం దగ్గరవుతున్నకొద్దీ ఊగడం ఎక్కువైంది. అబద్ధమెందుకు, భయమేసింది. కళ్లు గట్టిగా మూసుకున్నాను. వేలు ముక్కు మీద పడి చెంపకు జారింది. ఎవరో కిసుక్కుమన్నారు. అయిపోయింది, ఇక పారిపోతాడు అనుకున్నాను.

"కదలకు బిడ్డా, సక్కగ పడలే. ఇంకోసారి పెడ్త," అన్నాడు నాన్న, అందరి ముందే.

ముహూర్తం దాటిపోతోందని పందిట్లోంచి పంతులు అరిచాడు. అరవనీ. నేను కళ్లు తెరవలేదు.